గుట్టు కోసం కట్టే కిరాయి

బేరం నాలుగు ప్రశ్నల మీద నడుస్తుంది. ఎక్కడుంటారు? చోటు ఉందా? ఎంత? ఈ మూడింటికీ జవాబు దొరికాక నాలుగోది వస్తుంది. చాలా బేరాలు అక్కడే ఆగిపోతాయి. రాను పోను ఖర్చు ఎవరిది? హైదరాబాద్‌లో ఈ ప్రశ్నకు పెద్ద బరువు లేదు. అమీర్‌పేట నుంచి మియాపూర్‌కు మెట్రో టికెట్టుతో తేలిపోతుంది. కామారెడ్డిలోనో ఎల్లారెడ్డిలోనో ఉన్న మగవాడు మర్దన చేసే మనిషినో, డబ్బు తీసుకుని నాలుగు గంటలు తోడుండే మనిషినో పట్నం నుంచి పిలిపించుకోవాలంటే మాత్రం దారి ఖర్చే పెద్ద లెక్క అవుతుంది. పిలిచేవాడూ మగవాడే, వచ్చేవాడూ మగవాడే. ఇద్దరికీ ఆ లెక్క బయట పడకూడదు.

ఇలాంటి సంగతి సంపాదకీయ పేజీలో ఎందుకని కొందరికి అనిపించవచ్చు. ఈ గుట్టు చుట్టూ బెదిరింపు వసూళ్లు పెరిగాయి. రోగాలు చెప్పుకోలేక ముదిరాయి. ఒక్కోసారి ప్రాణాలు పోయాయి. 2018లో దేశ చట్టం మారింది, ఇలాంటి సంబంధం నేరం కాకుండా పోయింది. ఆ మార్పు జిల్లా కేంద్రం దాకా, మండలం దాకా చేరిందా అన్నది ప్రజా విషయమే. వయసు వచ్చిన ఇద్దరు మనుషులు ఇష్టపడి కలుసుకోవడం గురించే ఇక్కడ మాట్లాడుతున్నాను. పద్దెనిమిదేళ్లు నిండని పిల్లల దగ్గర ఇష్టం అనే మాటకు తావు లేదు, అది పోక్సో కింద నేరం.

ముందు దూరం సంగతి చూద్దాం. కామారెడ్డి 2016 అక్టోబర్ 11న నిజామాబాద్ నుంచి విడిపోయి జిల్లా అయింది. 44వ నంబరు జాతీయ రహదారి, సికింద్రాబాద్–నిజామాబాద్ రైలు దారి రెండూ ఊరిని ఆనుకునే పోతాయి. జూబ్లీ బస్ స్టేషన్‌లో ఎక్కితే నూట పది, నూట పదిహేను కిలోమీటర్ల ప్రయాణం. ఎల్లారెడ్డికి ఆ సౌకర్యం లేదు. రైలు పోదు. కామారెడ్డిలో దిగి తాడ్వాయి, లింగంపేట వైపు మరో బస్సు పట్టాలి, లేదంటే మెదక్ మీదుగా రావాలి. పొద్దుపోయాక తిరుగు బస్సు దొరకడం గగనం. అంటే పట్నం నుంచి వచ్చిన మనిషికి రాత్రి పడక కావాలి. పడక అంటే గది. గది అంటే లాడ్జి, లాడ్జి అంటే ఆధార్ కార్డు, కౌంటర్ దగ్గర కూర్చున్న తెలిసిన ముఖం.

చిన్న ఊళ్లో చోటు సమస్య విచిత్రంగా ఉంటుంది. ఇద్దరు మగవాళ్లు కలిసి గది తీసుకుంటే ఎవరూ పెద్దగా పట్టించుకోరు. పెళ్లికి వచ్చారనో, వ్యాపారం మీద వచ్చారనో అనుకుంటారు. ఆ మేరకు మగ జంటకు ఒక చాటు ఉంది. చిక్కు వేరే చోట ఉంది. సొంత ఊళ్లో ఇల్లున్న మనిషి లాడ్జిలో ఎందుకు దిగాడు? కౌంటర్ మనిషికి వచ్చే మొదటి అనుమానం ఇదే. అందుకే కామారెడ్డి వాడు నిజామాబాద్ పోతాడు. ఎల్లారెడ్డి వాడు కామారెడ్డికో, నేరుగా హైదరాబాద్‌కో పోతాడు. ఎవరి ఊళ్లో వాళ్లకు చోటు లేదు. వచ్చేవాడి ఖర్చుకు పిలిచేవాడి ఖర్చు కూడా తోడవుతుంది. దానికో సాకు కూడా కావాలి. ఆసుపత్రి పని, కోర్టు వాయిదా, దుకాణానికి సరుకు. ఇంట్లో చెప్పే ఆ సాకును నిలబెట్టడానికి నిజంగానే మందుల చీటీనో, సరుకు సంచినో వెంట తెచ్చుకోవాలి. అదీ ఖర్చే.

ఇక్కడ డబ్బున్నవాడికీ లేనివాడికీ తేడా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. కారు ఉన్నవాడు, పొలం దగ్గర గది కట్టుకున్నవాడు, హైదరాబాద్‌లో ఫ్లాట్ కొన్నవాడు గుట్టును సులువుగా కొనుక్కుంటాడు. చిన్న ఉద్యోగి, కౌలు రైతు, గల్ఫ్ నుంచి సెలవు మీద వచ్చిన కూలీ ఆ దూరాన్ని కొనలేరు. వాళ్లకు మిగిలేది రైలు కట్ట పక్కన చీకటి, చెరువు కట్ట, మూతపడ్డ షెడ్డు. దొంగలకూ, బెదిరించేవాళ్లకూ, లాఠీ ఊపుతూ వచ్చేవాడికీ అందుబాటులో ఉండేవి ఆ చోట్లే. పరువు పోతుందనే భయం అందరికీ ఒకటే. ఆ భయం వల్ల దెబ్బ తగిలేది మాత్రం జేబు చిన్నగా ఉన్నవాడికే.

దారి ఖర్చు దగ్గరికి మళ్లీ వస్తాను. దీని మీద తగాదాలు ఎక్కువ, రెండు వైపులా న్యాయమైన కోపమే ఉంది. పిలిచినవాడి మాట ఇది: ముందే పంపించాను, డబ్బు అందగానే నంబరు బ్లాక్ అయింది. వచ్చినవాడి మాట ఇంకోటి: పట్నం నుంచి బస్సులో వచ్చాను, కామారెడ్డి బస్టాండులో దిగి ఫోన్ చేస్తే స్విచాఫ్ వచ్చింది. ఆ రెండో సంగతి గురించి మనం తక్కువ మాట్లాడుకుంటాం. ఫోన్ ఆపేసినవాడు మోసగాడే కానక్కర్లేదు. ఎదురుగా టీ కొట్టు దగ్గర నిలబడి, బస్సు దిగిన మనిషిని చూసి, చుట్టూ ఉన్న తెలిసినవాళ్లను చూసి, గుండె జారి వెనక్కి పోయి ఉండొచ్చు. భయపడే హక్కు అతనికి ఉంది. ఆ భయం ఖర్చును ఇంకొకడి నెత్తిన పెట్టే హక్కు లేదు. వచ్చినవాడికి ఆ రోజు పోయింది, రెండు వైపులా ఛార్జీలు పోయాయి, రాత్రి తల దాచుకునే చోటు లేదు, ఫలానా వాడు రప్పించి మోసం చేశాడని చెప్పుకునే దిక్కు కూడా లేదు.

ఈ విషయంలో నా అభిప్రాయం సూటిగా చెప్తాను. పక్క మండలం నుంచి మోటారు మెకానిక్‌ను రప్పించి, అతను గడప దాకా వచ్చాక పని వద్దనుకుంటే బస్సు ఛార్జీ చేతిలో పెట్టి పంపడం మన ఊళ్లలో మర్యాద. ఆ మర్యాద ఇక్కడ ఎందుకు వర్తించదు? బస్సుకో రైలుకో అయ్యే అసలు ఛార్జీ వరకు ముందే ఇవ్వాలి. కూలి డబ్బు మనిషి కళ్లెదుట కనబడ్డాకే ఇవ్వాలి. పని వద్దనుకున్నా తిరుగు ఛార్జీ మాత్రం ఇచ్చి తీరాలి. దారి ఖర్చు పేరుతో కారు కిరాయి, గది అడ్వాన్సు, సెక్యూరిటీ డిపాజిట్ అంటూ అంకె పెంచుకుంటూ పోయేవాడు వచ్చే మనిషి కాదు. కార్డు ఫీజు, రిజిస్ట్రేషన్ ఫీజు అన్న మాట వినబడిందంటే అక్కడికక్కడే ఆపేయాలి. ఫ్రెండ్‌షిప్ క్లబ్బుల పేరుతో పత్రికల చిన్న ప్రకటనల్లో ఏళ్ల తరబడి నడిచిన మోసం ఇదే పద్ధతిలో సాగింది. ధనవంతులైన మహిళలకు తోడుగా పోతే వేలల్లో సంపాదన అని ఆశ పెట్టి, నిరుద్యోగ యువకుల దగ్గర సభ్యత్వం పేరుతో గుంజారు. ఫోన్ చేసినవాడు పోలీసు మెట్లెక్కడన్న ధీమాతోనే ఆ వ్యాపారం సాగింది. ప్రకటన పత్రికల నుంచి ఫోన్‌లోకి మారింది, ధీమా మాత్రం మారలేదు.

డబ్బు ఏ రూపంలో పోతుందన్నది ఇంకో పెద్ద చిక్కు. నగదు ఉన్న రోజుల్లో నోటు మీద పేరు ఉండేది కాదు. ఇప్పుడు రాను పోను ఖర్చు ఫోన్‌పేలోనో గూగుల్ పేలోనో పోతుంది. పంపిన మరుక్షణం అవతలివాడి తెరమీద బ్యాంకు ఖాతాలోని అసలు పేరు పడుతుంది. ఇంటిపేరుతో సహా పడుతుంది. రవి అనో రాజు అనో చెప్పుకున్న మనిషి ఒక్క లావాదేవీతో ఫలానా ఇంటిపేరున్న ఫలానా మనిషిగా తేలిపోతాడు. నంబరును ట్రూకాలర్‌లో వెతికితే, దాన్ని ఎవరో తమ ఫోన్‌లో దాచుకున్న పద్ధతిలో, పేరు పక్కన సార్ అనో, ఎరువుల షాపు అనో, ఏ డిపార్ట్‌మెంటో కూడా కనిపించవచ్చు. వాట్సాప్ బొమ్మలో భార్యా పిల్లలు నవ్వుతూ ఉంటారు. బెదిరించడానికి కావలసినవన్నీ బాధితుడే తన చేత్తో అందించినట్టు అవుతుంది. ఆ డబ్బు తీసుకున్నవాళ్లలో చాలామంది ఆ వివరాలను వాడుకోరు. వాడుకునేవాడు ఒక్కడు తగిలితే చాలు. లాడ్జిలో ఆధార్ నకలు ఇవ్వడం కూడా ఇలాంటిదే. చివరి నాలుగు అంకెలు మాత్రమే కనిపించే మాస్క్‌డ్ ఆధార్‌ను ఉడాయ్ సంస్థే అందిస్తోంది. దాన్ని అడిగి తీసుకునేవాళ్లు మన దగ్గర చాలా తక్కువ.

ఇంత భయం, ఇంత ఖర్చు పెట్టుకుని వాళ్లు ఏం కొనుక్కుంటున్నారు? శరీర సుఖం ఒక్కటే అనుకోవడం తొందరపాటు. మర్దన చేయించుకోవడంలో తప్పు వెతికే ఆచారం మన దగ్గర అసలు లేదు. పండగ పూట తలంటు, పెళ్లికొడుక్కు నలుగు, ఒళ్లు నొప్పులకు నూనె పట్టించడం ఇవన్నీ ఊరి జీవితంలో ఉన్నవే. మర్దన చేసి పొట్ట పోసుకునేవాళ్లలో మర్దన తప్ప మరేమీ చేయనివాళ్లు ఉన్నారు. ఈ అనుమానాల వల్ల వాళ్లకూ అవమానం జరుగుతోంది. తోడు కోసం డబ్బిచ్చేవాడి సంగతికి వస్తే, నిజాంసాగర్ కట్ట మీద పక్కన ఒక మనిషితో నడవడం, పోచారం చెరువు దాకా బండి మీద పోయి రావడం, పట్నంలో సినిమా చూసి హోటల్లో కూర్చుని తినడం కూడా అందులో భాగమే. తన మనసు ఏమిటో దాచుకోనక్కర్లేని ఒక్క మనిషి ఎదురుగా కూర్చుంటే మాటలు వస్తాయి. ఆ మాటలకు సొంత ఊళ్లో చోటు లేదు కాబట్టి గంటల లెక్కన కొనుక్కోవలసి వస్తోంది. హైదరాబాద్‌లో 2013 నుంచి క్వీర్ స్వాభిమాన (ప్రైడ్) యాత్రలు జరుగుతున్నాయి. అక్కడ సంఘాలున్నాయి, కలుసుకునే చోట్లున్నాయి. కామారెడ్డి జిల్లా వాడికి ఆ స్నేహాలు కూడా ప్రయాణ ఖర్చు పెట్టుకుంటేనే దొరుకుతాయి.

నిజామాబాద్, కామారెడ్డి పల్లెల నుంచి దశాబ్దాలుగా మగవాళ్లు గల్ఫ్‌కు పోతున్నారు. ఒక్క గదిలో ఎనిమిది, పది మంది. ఏళ్ల తరబడి ఇంటికి దూరం. సౌదీ, కువైట్, ఖతార్, ఎమిరేట్స్, ఒమన్ చట్టాల్లో మగవాళ్ల మధ్య సంబంధం నేరం. అక్కడి భయం ఒకటి, ఇంటికొచ్చాక ఊరి భయం ఒకటి. ఇక్కడేమో భార్య బీడీలు చుట్టి ఇల్లు నెట్టుకొస్తూ ఉంటుంది. ఆమెను మరచిపోయి ఈ విషయం మాట్లాడటం అన్యాయం.

ఎయిడ్స్ నివారణ రంగంలో పనిచేసినవారికి పెళ్లయిన మగవాళ్ల ఈ చిక్కు పాతదే. 2005లో వెలువడిన ఒక పరిశోధనలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మగవాళ్లతో సంబంధం ఉన్న 6,600 మందికి పైగా మగవాళ్లను ప్రశ్నిస్తే, వందకు 42 మంది పెళ్లయినవాళ్లేనని తేలింది. పెళ్లి చేస్తే అన్నీ సర్దుకుంటాయన్న పెద్దల మాటకు ఈ అంకె సమాధానం చెబుతోంది. ఏమీ సర్దుకోలేదు. గుట్టు పడగ్గది దాకా వచ్చింది, దానితో పాటు ప్రమాదమూ వచ్చింది. తెలంగాణలో హెచ్ఐవీ వ్యాప్తి దేశ సగటుకు రెట్టింపుకు పైనే ఉంది. వీధికీ ఇంటికీ తేడా గుర్తించాలి. ఒక మనిషి ఎవరితో కూర్చున్నాడో తెలుసుకునే హక్కు వీధికి రవ్వంత కూడా లేదు. తన ఒంటికి ఏ ప్రమాదం వస్తుందో తెలుసుకునే హక్కు భార్యకు పూర్తిగా ఉంది. పరీక్ష చేయించుకోకుండా, కండోమ్ వాడకుండా గుట్టు నడిపేవాడిని నేను సమర్థించను. పరీక్ష బద్నాం చేస్తుందన్న భయానికి ఆధారం కూడా లేదు. 2018 సెప్టెంబర్ 10 నుంచి అమల్లో ఉన్న హెచ్ఐవీ, ఎయిడ్స్ చట్టం ప్రకారం ఒకరి హెచ్ఐవీ స్థితిని వారి అనుమతి లేకుండా బయటపెట్టకూడదు. చట్టం చెప్పే కొన్ని సందర్భాలు మాత్రమే దీనికి మినహాయింపు. ప్రభుత్వాసుపత్రి కౌన్సెలింగ్ కేంద్రాల్లో పరీక్ష ఉచితం. ఎయిడ్స్ హెల్ప్‌లైన్ 1097కు ఫోన్ చేసి పేరు చెప్పకుండానే అడగవచ్చు. సొంత ఊరి ఆసుపత్రిలో ముఖం చూపించడానికి జంకితే పక్క జిల్లాకు పోవచ్చు. ఆ బస్సు ఛార్జీ పెట్టడానికి మాత్రం వెనకాడకూడదు.

ఇక చట్టం. భారత శిక్షాస్మృతి 1860 నాటిది. అందులో మగవాళ్ల మధ్య సంబంధాన్ని నేరంగా చూసిన 377వ సెక్షన్ అందరికీ తెలుసు. అదే స్మృతిలో 388, 389 సెక్షన్ల చివర ఉన్న ఒక వాక్యం గురించి ఎక్కువమందికి తెలియదు. నేరం మోపుతామని భయపెట్టి డబ్బు గుంజడం గురించిన సెక్షన్లు అవి. మామూలుగా పదేళ్ల దాకా శిక్ష. మోపుతానన్న నేరం 377 అయితే మాత్రం యావజ్జీవం దాకా వేయవచ్చని అందులో రాశారు. 377 రాసిన తెల్లదొరలకే తెలుసన్నమాట, అది ఎంత తేలిగ్గా బెదిరింపుకు పనికొస్తుందో. నూటయాభై ఏళ్లకు పైగా ఒక చేత్తో ఆయుధం ఇచ్చి, ఇంకో చేత్తో దాన్ని దుర్వినియోగం చేస్తే ఘోర శిక్ష అన్నారు. బాధితుడు ఫిర్యాదు చేయాలంటే ముందు తానే నేరం ఒప్పుకోవాలి. ఆ రక్షణ ఎవరికి పనికొచ్చి ఉంటుంది?

2009 జూలై 2న ఢిల్లీ హైకోర్టు 377వ సెక్షన్ కోరలు తీసింది. 2013 డిసెంబర్ 11న సుప్రీంకోర్టు మళ్లీ అతికించింది. 2017 ఆగస్టులో పుట్టస్వామి కేసులో గోప్యత ప్రాథమిక హక్కు అని తొమ్మిది మంది న్యాయమూర్తులు తేల్చారు. 2018 సెప్టెంబర్ 6న నవతేజ్ జోహార్ కేసులో, ఇష్టపడిన వయోజనుల మధ్య ఏకాంతంలో జరిగేది నేరం కాదని ఐదుగురు సభ్యుల ధర్మాసనం ఏకగ్రీవంగా చెప్పింది. శిక్షాస్మృతి స్థానంలో 2024 జూలై 1న వచ్చిన భారతీయ న్యాయ సంహితలో అలాంటి సెక్షనే లేదు. హైదరాబాద్‌కు చెందిన సుప్రియో, అభయ్ 2021లో బంధుమిత్రుల మధ్య వేడుక చేసుకుని, ఆ తర్వాత పెళ్లికి చట్టబద్ధత కోరుతూ సుప్రీంకోర్టుకు వెళ్లారు. 2023 అక్టోబర్ 17న కోర్టు అందుకు ఒప్పుకోలేదు. ఓడిపోయినా, వాళ్లు తమ పేరుతో, తమ ముఖంతో నిలబడ్డారు. వాళ్లున్న నగరానికి నూట పది కిలోమీటర్ల దూరంలో మరో మగవాడు ఫోన్‌పేలో తన పేరు కనబడిందని వణుకుతున్నాడు.

డబ్బు చేతులు మారితే చట్టం ఏమంటుందో కూడా తెలుసుకోవాలి. అనైతిక వ్యాపార నిరోధక చట్టం 1956లో ఆడవాళ్లు, బాలికల పేరుతోనే మొదలైంది. 1986 సవరణతో మగవాళ్లకూ వర్తించింది. వయసు వచ్చిన మనిషి ఏకాంతంలో డబ్బు తీసుకోవడాన్ని ఆ చట్టం నేరమని చెప్పదు. వ్యభిచార గృహం నడపడం, దళారీ పని, ఒకరి సంపాదన మీద బతకడం, బహిరంగంగా పిలవడం నేరాలు. పిలిచినవాడు మగవాడైతే వారం నుంచి మూడు నెలల దాకా శిక్ష. చిన్న ఊరికి గండం 7వ సెక్షన్‌లో ఉంది. గుడి, మసీదు, బడి, హాస్టల్, ఆసుపత్రి వీటికి రెండు వందల మీటర్ల లోపు జరిగితే ఇద్దరూ శిక్షార్హులే, డబ్బిచ్చినవాడు కూడా. మహానగరంలో రెండు వందల మీటర్లు అంటే ఒక వీధి. కామారెడ్డి స్టేషన్ రోడ్డులోనో, ఎల్లారెడ్డి బస్టాండు చుట్టుపక్కలో ఏ లాడ్జి చుట్టూ రెండు వందల మీటర్ల గీత గీసినా అందులో ఒక నర్సింగ్ హోమో, ఒక కోవెలో పడకుండా పోదు. చట్టం రాసినవారు ఊరి సైజు గురించి ఆలోచించలేదు. బెదిరించేవాడు ఆలోచిస్తాడు.

బెదిరింపు వసూళ్ల ముఠాల గురించి ఢిల్లీ చుట్టుపక్కల ఘజియాబాద్, నోయిడా, గురుగ్రామ్ నుంచి వార్తలు వస్తూనే ఉన్నాయి. డేటింగ్ యాప్‌లో పరిచయం, ఒక గదికి రప్పించడం, తలుపు తోసుకుని నలుగురు రావడం, వీడియో, బ్యాంకు ఖాతా ఖాళీ. మన దగ్గర 2019లో హైదరాబాద్ అమీర్‌పేటలో ఒంటరిగా ఉంటున్న ఒక ప్రభుత్వోద్యోగి తన ఇంట్లో హత్యకు గురయ్యాడు. పోలీసులు చెప్పినదాని ప్రకారం పరిచయస్థుడైన యువకుడు డబ్బు ఆశించాడు, అది అందకపోవడంతో చంపాడు. ఆ కేసులో నన్ను ఎక్కువగా కలచివేసినది మన మీడియా తీరు. చనిపోయిన మనిషి పేరు, ఉద్యోగం, ఫోటో, పడగ్గది కబుర్లు రోజుల తరబడి తెర మీద తిరిగాయి. అతని భార్యా పిల్లలు ఇవన్నీ చూశారు. ఆ బులెటిన్లు చూసిన మిగతా మగవాళ్లకు వాటిలో ఒకే పాఠం కనిపించి ఉంటుంది: చచ్చినా వదలరు. బెదిరింపులకు లొంగి నెలనెలా డబ్బు పంపే మనిషి ఎందుకు పంపుతున్నాడో అర్థం చేసుకోవాలంటే ఆ బులెటిన్లు మళ్లీ చూస్తే చాలు.

తెలుగువాడైన జస్టిస్ ఎల్. నాగేశ్వరరావు ధర్మాసనం 2022 మే 19న సెక్స్ వర్కర్ల విషయంలో ఇచ్చిన ఆదేశాల్లో మీడియాకు ఒక మాట చెప్పింది. దాడుల్లో పట్టుబడినవారు బాధితులైనా, నిందితులైనా వారి గుర్తింపు బయటపెట్టకూడదు. మగ సెక్స్ వర్కర్ మనిషి కాకుండా పోడు. అయినా స్పాల మీద దాడుల వార్తల్లో ముఖాలు దాచుకుంటున్నవారి దృశ్యాలు ఇంకా ప్రసారమవుతున్నాయి.

బాధితుడు ఠాణాకు పోవచ్చు కదా అంటారు. పోతే ఏమవుతుందో చూద్దాం. ఎల్లారెడ్డి ఠాణాలో కానిస్టేబుల్ అతని తమ్ముడితో కలిసి చదువుకున్నవాడై ఉండొచ్చు. కొత్త చట్టం, భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 173వ సెక్షన్, ఏ ఠాణాలోనైనా ఫిర్యాదు చేయవచ్చని చెబుతోంది, దీన్నే జీరో ఎఫ్ఐఆర్ అంటారు. ఆన్‌లైన్‌లో పంపి మూడు రోజుల్లో సంతకం చేయవచ్చు. మంచిదే. కానీ ఆ జీరో ఎఫ్ఐఆర్ చివరికి ఎక్కడికి చేరుతుంది? నేరం జరిగిన పరిధి ఠాణాకే. అంటే హైదరాబాద్‌లో ఇచ్చిన ఫిర్యాదు చుట్టూ తిరిగి ఎల్లారెడ్డి బల్ల మీదికే వస్తుంది. దీనికి తోడు, యూత్ బార్ అసోసియేషన్ కేసులో సుప్రీంకోర్టు 2016 సెప్టెంబర్ 7న ఆదేశించిన ప్రకారం ఎఫ్ఐఆర్‌లు ఇరవై నాలుగు గంటల్లో వెబ్‌సైట్‌లో పెట్టాలి. పారదర్శకతకు అది గొప్ప ఆదేశం. బాధితుడికి మాత్రం అది ఇంటి గోడ మీద అతికించిన నోటీసుతో సమానం. లైంగిక దాడి బాధితుల పేరు బయటపెట్టకూడదని చట్టంలో ఉంది. లైంగిక జీవితాన్ని అడ్డం పెట్టుకుని వసూళ్లు చేస్తే మాత్రం బాధితుడి పేరుకు ఆ కవచం లేదు.

కానీ అదే 2016 ఆదేశంలో ఒక దారి ఉంది. సున్నితమైన కేసుల ఎఫ్ఐఆర్‌ను వెబ్‌సైట్‌లో పెట్టనక్కర్లేదు. ఏది సున్నితమో నిర్ణయించే అధికారం డీఎస్పీ స్థాయికి తగ్గని అధికారిది. కామారెడ్డి జిల్లాలో ఈ పని మొదలుపెట్టడానికి కొత్త చట్టం, కొత్త బడ్జెట్ ఏదీ అక్కర్లేదు. లైంగిక జీవితం పేరు చెప్పి బెదిరించిన ప్రతి కేసునూ సున్నితమైనదిగా చూస్తామని జిల్లా ఎస్పీ ఒక సర్క్యులర్ ఇస్తే చాలు. ఫిర్యాదు వివరాలు స్థానిక విలేకరుల వాట్సాప్ గ్రూపుల్లోకి పోకూడదని అందులో ఇంకో వాక్యం చేర్చాలి. నవతేజ్ తీర్పులో జస్టిస్ నారిమన్ తన అభిప్రాయంలో ప్రభుత్వ సిబ్బందికి, ముఖ్యంగా పోలీసులకు ఈ విషయంలో అవగాహన శిక్షణ ఇవ్వాలని ఆదేశించారు. మన ఠాణాల్లో ఎంతమంది ఆ శిక్షణకు కూర్చున్నారో హోం శాఖ జిల్లాలవారీగా వెల్లడించాలి.

బెదిరింపులో చిక్కుకున్నవాడు మొదటి వాయిదా కట్టకపోవడమే మేలు. కట్టినవాడి దగ్గర రెండోది అడుగుతారు. చాట్ చెరపకుండా స్క్రీన్‌షాట్లు దాచుకుని, డబ్బు పోయిన వెంటనే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కు ఫోన్ చేస్తే ఆ సొమ్మును దారిలోనే ఆపడానికి వీలుంటుంది, ఆలస్యమైతే ఆ అవకాశం తగ్గిపోతుంది. న్యాయ సంహిత 308 కింద వసూళ్లకు ఏడేళ్ల దాకా శిక్ష ఉంది. అనుమతి లేకుండా తీసిన నగ్న దృశ్యాలు పంచితే ఐటీ చట్టం 66ఈ వర్తిస్తుంది. ఫిర్యాదులో తాను ఎవరితో ఎందుకు కలిశాడో రాయనక్కర్లేదు. ఎవరు, ఎప్పుడు, ఏ నంబరు నుంచి, ఎంత అడిగారో రాస్తే ఫిర్యాదుకు అది సరిపోతుంది. ఈ సంగతి చెప్పగల వకీలు కామారెడ్డిలో ఉన్నాడు, ఎల్లారెడ్డి కోర్టులోనూ ఉంటాడు. జిల్లా న్యాయ సేవాధికార సంస్థ బోర్డు మీద ఈ తరహా బాధితుల కోసం ఒక్క వరుస రాయించి, ఒక నంబరు వేసి, ఆ ఫోన్ ఎత్తే మనిషికి పేరు అడగకుండా వినడం నేర్పిస్తే బాధితుడు మొదటి వాయిదా కట్టకముందే ఆ నంబరుకు చేయగలుగుతాడు.